వెనక వరస పదకొండు పిల్లర్లు

ఆఫీసు, నాలుగో అంతస్తు
జనవరి 12

బాబాయికి,

ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. "ఆ? ఏంటీ? పిన్నికివ్వనా?" అని అక్కడ నువ్వు, ఇక్కడ అందరూ పని మానేసి నా మొహం చూడటం. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇక నా వల్ల కాదు. మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నీకూ కాలక్షేపం, అచ్చేసినట్టుండే నీ అక్షరాలు చూసుకోవడం నాకూ ముచ్చట.

అసలు సంగతి విను. నువ్వు గీసిన బిల్డింగు ఒకటి నా చేతికొచ్చింది! పెద్దాసుపత్రి వెనకున్న నర్సింగు పిల్లల హాస్టలు, మూడంతస్తులది. దానిమీద ఇంకో రెండంతస్తులు వేస్తారట. వేసేముందు పాత డ్రాయింగులన్నీ కంప్యూటర్లో మోడలుగా మార్చి ఇమ్మని మా ఆఫీసుకిచ్చారు. పంతొమ్మిదేళ్ళనాటి ఫైలు. తెరవగానే మూలన 'గీసినవారు' అన్న గడిలో నీ పొడి అక్షరాలు. పక్క సీటు అమ్మాయిని లాక్కొచ్చి మరీ చూపించాను, మా బాబాయే అని.

కానీ ఫైల్లో పొరలు పొరలుగా పెట్టిన ఆ లేయర్లకి ఏం పేర్లు పెట్టావయ్యా! 'గోడలు', 'అసలు గోడలు', 'ఇవే అసలు గోడలు', 'తర్వాత చూద్దాం'. తర్వాత చూసేది నేనని నీకప్పుడే తెలుసేమో. పైగా ఫైలు మొదటిసారి లోపలికి తెచ్చినప్పుడు నీ మిల్లీమీటర్లని మా సాఫ్ట్‌వేర్ మీటర్లనుకుంది. హాస్టలు ఊరికన్నా పెద్దదై కూర్చుంది. ఒక్కో మంచం రెండు కిలోమీటర్లు! అందరం పడీపడీ నవ్వాం.

ఇప్పుడు దారిలో పడింది. నీ రోజుల్లో గీతంటే ఉత్త గీతే కదా. ఇందులో నీ గీతమీద నేను గీస్తే గోడ లేస్తుంది. దానికి ఎత్తు, మందం, బరువు అన్నీ ఉంటాయి. పిల్లరు గీతల మీద నొక్కితే పిల్లరు నిలబడుతుంది. ఇంజినీరు ఈ మోడలు తీసుకునే కింది పిల్లర్లు పైన ఎంత బరువు మోస్తాయో లెక్క చూస్తాడు. నీ కొలతల అంకెలూ బాణాలూ కందిరీగల్లా తెరంతా ముసిరి ఏదీ కనబడనివ్వడం లేదు. ఆ లేయరు ఆపేసి హాయిగా గీతలమీదే పోతున్నాను. సగం పైన అయిపోయింది.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కొద్దని చెప్పు.

నీ పెన్సిలు
(ఇంత వయసొచ్చాక కూడా ఈ పేరేంటో! ఎవరైనా వింటే పరువు పోతుంది.)


ఇంట్లో, వెనక గది
జనవరి 19

పెన్సిలూ,

నా చెవులకేం రోగం, బాగానే ఉన్నాయి. లోకమే నోట్లో గొణగడం నేర్చుకుంది. నీ పేరు మాత్రం మారదు. సన్నగా పుల్లలా ఉండి నా డ్రాయింగు బల్లకింద దూరి కూర్చునేదానివి, మరేమని పిలవను?

నాకే మోడలంటే ఏంటో చెప్తున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. చెప్పు, చెప్పు, వినడానికి బాగానే ఉంది. నువ్వు నా గీతలమీద గీస్తున్నావని మీ పిన్నికి చదివి వినిపిస్తే కళ్ళొత్తుకుంది. మీ నాన్న ఉంటే ఇంకెంత మురిసేవాడో.

ఒక్క మాట. అంకెల లేయరు ఆపేశానన్నావు. అలా ఆపకు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పిన పాఠం ఇది: గీతకి స్కేలు పెట్టి కొలవకు, అంకె చదువు. సైటులో మేస్త్రీ చూసేది అంకెనే.

రెండంతస్తులు వెయ్యాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది? పక్కన బోలెడు ఖాళీ స్థలం ఉండేదే, అక్కడ కట్టుకోవచ్చుగా? ఆ ఇంజినీరు పిల్లర్లు స్వయంగా వచ్చి చూస్తాడా, నీ మోడలు చూసి సరిపెట్టుకుంటాడా? ఊరికే అడుగుతున్నాను, మరేం లేదు.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లెక్కొద్దంటే మరో రెండుసార్లు ఎక్కి దిగుతుంది.

బాబాయి


హాస్టలు ఆఫీసు గది
ఫిబ్రవరి 2

బాబాయికి,

ఇవాళ హాస్టలుకి టేపు పట్టుకుని వచ్చాను. వార్డెనమ్మ బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను.

నీ మాట విని అంకెల లేయరు మళ్ళీ పెట్టాను. మంచిపని చేశాను. కింది అంతస్తులో భోజనాల హాలు వెనక వరస చూశావా, పదకొండు పిల్లర్లు. గీతలు కొలిస్తే ఒక్కోటి ఆరొందల మిల్లీమీటర్లు. పక్కన అంకె మాత్రం నాలుగొందల యాభై అని ఉంది. మామూలుగా గీత ఎంతుంటే అంకె దానంతటదే అంత పడుతుంది కదా. నొక్కి చూస్తే, పదకొండు చోట్లా ఎవరో ఆ అంకె చెరిపి చేత్తో కొట్టారు. మా మోడలుకి అంకెలతో పని లేదు, గీతనే నమ్ముతుంది. కాబట్టి నా మోడల్లో పదకొండూ ఆరొందలే అయి కూర్చున్నాయి.

ఇంజినీరుకి చెప్పాను. "ఇందులో ఏది నిజమో రాతపూర్వకంగా కావాలి. ఆరొందలైతే రెండంతస్తులు హాయిగా మోస్తాయి. నాలుగొందల యాభై అయితే మాత్రం ఈ పని ఊసే ఎత్తొద్దు" అన్నాడు. అందుకే టేపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ప్లాస్టరింగుతో కలిపి ఆరొందల నలభై వచ్చింది, పదకొండూ కొలిచాను. ప్రాణం లేచొచ్చింది.

వంటావిడ నా వెనకే తిరిగి టేపు రెండో కొస పట్టుకుంది. మాటల పుట్ట! "ఏమ్మా, పిల్లర్లకి కొత్త బట్టలు కుట్టిస్తున్నారా?" అంటుంది. నూటనలభై మంది పిల్లలున్నారట ఇక్కడ. నైట్ డ్యూటీ చేసొచ్చిన వాళ్ళు పగలు పడుకుంటారు, వాళ్ళ గదులు సరిగ్గా ఈ హాలు మీదే. అందుకని ఆవిడ గిన్నె కూడా చప్పుడు కాకుండా దించుతుంది, నన్నూ గుసగుసగా మాట్లాడమంది. నువ్వైతే ఏం చేసేవాడివో!

నువ్వు ఒక్క ముక్క రాసి పంపు. ఆరొందలా, నాలుగొందల యాభయ్యా? ఆ రోజుల్లో గీసినవాళ్ళలో అందుబాటులో ఉన్నది నువ్వొక్కడివే. అప్పటి మీ ఆఫీసు సారు పోయి ఆరేళ్ళయిందటగా. నీ ఉత్తరం రిపోర్టుకి జత చేస్తాను.

నీ పెన్సిలు


ఇంట్లో
ఫిబ్రవరి 11

పెన్సిలూ,

ఆరొందలే. ఆ అంకె నా టైపింగు పొరపాటు. ఒకచోట తప్పు కొట్టి మిగతా పదిచోట్లా అదే అతికించి ఉంటాను. మనిషన్నాక పొరపాట్లుండవూ? టేపుతో నువ్వే కొలిచావుగా, ఇంకా నన్నడగడం ఎందుకు?

ఇక్కడ అంతా కులాసా. పక్కింటివాళ్ళ కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మీ పిన్ని వాటికి పాలు పోస్తుంది, అవి నా చెప్పులు కొరుకుతున్నాయి. కంటికి కొత్త అద్దాలు రాయించుకున్నాను. వాటితో ప్రపంచం మరీ స్పష్టంగా కనబడుతోంది, అంత అక్కర్లేదు.

ఈ పిల్లర్ల గొడవ ఇంతటితో వదిలెయ్యి. ఆరోగ్యం చూసుకో.

బాబాయి


ఆఫీసు
మార్చి 15

బాబాయికి,

నీ ఉత్తరం నకలు తీసి రిపోర్టులో పెట్టాను. 'మూల డ్రాఫ్ట్స్‌మన్ ధ్రువీకరణ మేరకు' అని రాసి మోడలు కింద నేను సంతకం చేశాను. నా మొదటి సొంత సంతకం! మా ఆఫీసు పెద్ద సారు నీ అక్షరాలు చూసి, "ఇలాంటి చేతులు ఇప్పుడెక్కడున్నాయమ్మా" అన్నాడు. నాకు రెండు రోజులు నేలమీద కాళ్ళు ఆనలేదు.

పని జోరుగా సాగుతోంది. నాలుగో అంతస్తు పిల్లర్లు లేచాయి, మొన్న స్లాబు వేశారు. పిల్లల్ని ఖాళీ చేయించకుండానే కడుతున్నారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి, ఎక్కడికి పంపుతారని యాజమాన్యం అంది. ఇంజినీరు కూడా లెక్క ప్రకారం ఫరవాలేదన్నాడు.

నిన్న అక్కడికెళ్తే వంటావిడ నన్ను పట్టుకుని ఒకటే సణుగుడు. భోజనాల హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే తలుపు బిగుసుకుపోయిందట, తుంటితో గుద్దితేగానీ తెరుచుకోవడం లేదట. "పైన మీరు మేడలు కట్టుకుంటున్నారు, కింద నా నడుం విరుగుతోంది" అంది. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించారు. కొత్త బరువుకి పాత ఇల్లు కాస్త సర్దుకుంటుందిలే అన్నాడు సైటు మేస్త్రీ.

నువ్వెందుకు ఈమధ్య రాయడం లేదు? అలిగావా?

నీ పెన్సిలు


ఇంట్లో
మార్చి 22

పెన్సిలూ,

ఏ తలుపు? హాలుకి ఎడమవైపుదా, కుడివైపుదా? పైన పట్టేస్తోందా, పక్కన పట్టేస్తోందా? చిత్రిక పట్టాక మళ్ళీ బిగుసుకుందేమో చూసి రాయి.

పైన పని ఆపించు. ఎందుకని అడక్కు. ముసలాయన చాదస్తం అనుకో, ఏమైనా అనుకో, ఐదో అంతస్తు మాత్రం ఎత్తనివ్వకు. మీ సారుతో నీకు మాట చెల్లుతుందిగా. ఏదో ఒకటి చెప్పి ఆపించు.

బాబాయి


ఆఫీసు
మార్చి 30

బాబాయ్,

ఏదో ఒకటి అంటే ఏం చెప్పను? నలభై మంది కూలీలు, మిక్సర్లు, ఇనుము అంతా అక్కడ దిగి ఉంటే, మా బాబాయికి చాదస్తం వచ్చింది ఆపండి అననా? కారణం అడుగుతారు. నాకూ కారణం కావాలి.

తలుపు కుడివైపుది. పైన పట్టేస్తోంది. చిత్రిక పట్టిన వారానికే మళ్ళీ బిగుసుకుంది. దానిపక్క గోడలో వెంట్రుకవాసి చీలిక కూడా వచ్చింది, నేనే చూశాను. చాలా?

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను తలుపు అనగానే నువ్వు కుడివైపా ఎడమవైపా అని అడిగావు. ఇంట్లో కూర్చున్న మనిషికి ఎందుకంత కంగారు? ఫిబ్రవరిలో నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. కుక్కపిల్లలు, కళ్ళద్దాలు, చెప్పులు. పిల్లర్ల గురించి నాలుగు ముక్కలు. నా ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా నువ్వు ఇంతకన్నా పొడుగు ఉత్తరం రాశావు.

నాన్న పోయాక నన్ను నువ్వే పెంచావు. నాతో అబద్ధం ఆడవన్న నమ్మకంతోనే అక్కడ సంతకం పెట్టాను. నిజం చెప్పు.


ఇంట్లో, వెనక గది
ఏప్రిల్ 8

పెన్సిలూ,

ఇది చదివి ఫోన్ చెయ్యకు. ఎత్తేది మీ పిన్ని, ఆవిడకేమీ తెలీదు.

నాలుగొందల యాభయ్యే నిజం.

డ్రాయింగులు ఆరొందలతో ఆమోదమయ్యాయి. పునాదులు అయ్యాక కాంట్రాక్టరు వచ్చి, వెనక వరసకి కాంక్రీటు పోసే సెంట్రింగు పెట్టెలు చిన్నవే ఉన్నాయి, చువ్వలు కూడా ఆ సైజుకే కత్తిరించేశాం అన్నాడు. మా సారు నా బల్ల దగ్గరకొచ్చి, "తిరిగి గీయకు. ఆమోదమైన డ్రాయింగులాగే కనబడాలి. సైటు కాపీలో అంకెలు మార్చు చాలు" అన్నాడు. ఇంజినీరుకి చూపిద్దామా సార్ అన్నాను. చూపిస్తే నెల పోతుందన్నాడు. మార్చాను, నీ చేతికొచ్చింది ఆ కాపీయే. పెట్టెలు బిగించినవాళ్ళు అంకె చూసి బిగించారు. మోడలు చేసిన నువ్వు గీత చూసి చేశావు. ఇద్దరిదీ తప్పు లేదు.

ఆ తర్వాత ఎవరైనా టేపు పెడితే తేడా తెలుస్తుందని పిల్లర్ల చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి ప్లాస్టరింగు చేయించారు. నువ్వు కొలిచింది ఆ ఇటుక ముక్కల్ని తల్లీ.

అది మీ నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం. పదకొండు పిల్లర్లు మార్చి గీసి, ఇంజినీరు వెంట తిరిగి ఒప్పించడానికి నాలుగు రోజులు పడుతుంది. అంకెలు మార్చడానికి ఇరవై నిమిషాలు. నేను మార్చేసి అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. ఇది సాకని నాకూ తెలుసు. ఆయన పోయాక వెనక్కొచ్చి సరిచేసి ఉండొచ్చు, చెయ్యలేదు. మూడంతస్తులూ లేచాయి, నిలబడ్డాయి. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరిలో నువ్వడిగినప్పుడు నిజం రాసి మూడుసార్లు చింపాను. నాలుగోసారి అబద్ధం రాసి పోస్టు చేశాను. ఈ ఊళ్ళో నాకున్నదల్లా మంచి పనివాడన్న పేరొక్కటే. అది పోతుందని భయపడ్డాను. తట్టుకుంటుందిలే, పైన కట్టేవాళ్ళు ఇంకేదో ఆసరా పెడతారులే అనుకున్నాను. కుడివైపు తలుపు పైన పట్టేస్తోందని నువ్వు రాసినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఆ తలుపుమీది దూలం మోసేది ఆ వరసలో ఏడో పిల్లరు.

ముందు పిల్లల్ని బయటికి పంపించెయ్యి. ఆ తర్వాత నన్నేం చేసినా సరే. ఈ ఉత్తరం ఎవరికైనా చూపించు.

బాబాయి


నా గది
ఏప్రిల్ 21

బాబాయ్,

పేపర్లో చూసే ఉంటావు. పిన్ని చదివి వినిపించి ఉంటుంది. నేను కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

పదహారో తారీకు పొద్దున పదకొండు గంటలకి హాస్టలు వెనక సగం కూలిపోయింది. ఐదో అంతస్తుకి ఇటుకలు ఎక్కిస్తున్నారు. ముందు వంటింటి తలుపు దగ్గర పిల్లరు నలిగిందట, దాని వెంట మిగతావి. చాలామంది పిల్లలు క్లాసులకీ వార్డులకీ వెళ్ళిపోయారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాళ్ళు ఆరుగురు. కింద వంటావిడ. మొత్తం ఏడుగురు. పైన పనిచేస్తున్న కూలీలు ముందు సగంలోకి దూకి బతికారు, ఇద్దరికి నడుములు విరిగాయి.

ఇప్పుడు నువ్వు పేపర్లో చూడనిది రాస్తాను. నీ ఉత్తరం నాకు పన్నెండో తారీకు మధ్యాహ్నం అందింది.

చదివి బాత్రూములోకెళ్ళాను. బయటికొచ్చి మొహం కడుక్కుని ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. అది తిన్నగా తీసుకెళ్ళి పెద్ద సారు బల్లమీద పెడితే గంటలో పిల్లలు బయట ఉండేవారు. నేనేం చేశానో తెలుసా? "సార్, వెనక పిల్లర్లలో ఒకదాని ప్లాస్టరింగు చెక్కి చూద్దామా?" అన్నాను. మామూలు గొంతుతో, టీ తాగుదామా అన్నట్టు. కారణం రాసివ్వమన్నాడు. 'మామూలు తనిఖీ' అని రాశాను. ఇంజినీరు పద్దెనిమిదో తారీకు వస్తానన్నాడు. సరే సార్ అన్నాను. నవ్వాను కూడా.

ప్లాస్టరింగు చెక్కితే నిజం దానంతటదే బయటపడుతుంది, నీ పేరు ఎత్తే పని ఉండదు అనుకున్నాను. ఈ వయసులో నిన్ను పోలీసు స్టేషన్లో కూర్చోబెడతారని, పిన్ని తట్టుకోలేదని అనుకున్నాను. నీ కోసమే ఆలోచించానని చెప్పుకోను, బాబాయ్. కింద నా సంతకం ఉంది. అది కూడా ఆలోచించాను. పదమూడున, పద్నాలుగున, పదిహేనున నీ ఉత్తరం తీసి చదివి మళ్ళీ మడిచి పెట్టాను. పదిహేనున హాస్టలుకి వెళ్ళాను కూడా. వంటావిడ టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. పిల్లల్ని తీసుకుని బయటికి పొండి అని ఆవిడతో ఒక్క మాట అనలేకపోయాను.

నిన్ను తిట్టాలని కూర్చుంటే చేతులు రావడం లేదు. నువ్వు పేరు కోసం దాచావు, నేను నీకోసమూ నాకోసమూ దాచాను. నాకు నీమీద కోపం ఉంది, చాలా ఉంది. కానీ అది నా మీదున్నదాని తర్వాతే.

విచారణ వేశారు. ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.


ఇంట్లో
ఏప్రిల్ 26

నా తల్లీ,

మీ పిన్ని చదవలేదు, నేనే చదువుకున్నాను. ఆ పేపరు దాచేశాను. నేనింకా ఎందుకు బతికున్నానా అని మాత్రం అనిపించింది, ఇంకేం రాయను.

చెప్పేది జాగ్రత్తగా విను. ఈ కవర్లో ఇంకో ఉత్తరం పెట్టాను చూడు. నిజమంతా అందులో ఉంది, అక్షరం పొల్లు పోకుండా మొదటిదాంట్లో ఉన్నట్టే రాశాను. తారీకు మాత్రం పద్నాలుగు వేశాను. పద్నాలుగున రాస్తే నీకు పద్దెనిమిదికిగానీ అందదు. అప్పటికి అంతా అయిపోయింది, నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు. విచారణలో ఇది చూపించు. పాతది పొయ్యిలో వేసెయ్యి.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నీ పిడికెడు కూడా నాకే ఇచ్చెయ్యి. నేను చేసినదాన్లో అది కలిసినా పెద్ద తేడా ఏం ఉండదు. నాకెంత, ఇవాళో రేపో. నీకు ముందు చాలా బతుకుంది. అన్నయ్య నిన్ను నా చేతిలో పెట్టి వెళ్ళాడు, నేను నీకు చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలింది. కాదనకు.

బాబాయి


నా గది
మే 3

బాబాయికి,

నిన్న వంటావిడ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, గోడకి ఆవిడ చీరలు ఇంకా వేలాడుతున్నాయి. కూతురుంది, ఇంటర్ చదువుతోంది. నన్ను చూసి పీట వేసింది. "అక్కా, మీరు టేపు పట్టుకుని వచ్చిన అక్క కదా? అమ్మ మీ గురించి చెప్పేది" అంది. నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, "అది పడిపోతుందని ఎవరికైనా ముందే తెలుసా అక్కా?" అని అడిగింది.

లేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. నువ్వు పంపిన కొత్త ఉత్తరం అప్పుడు నా బ్యాగులోనే ఉంది. నువ్వు నన్ను కాపాడటానికే రాశావని తెలుసు బాబాయ్. నాకు దానిమీద ఎంత ఆశ పుట్టిందో చెప్తే నువ్వు నమ్మవు. దారి పొడుగునా పద్నాలుగు, పద్దెనిమిది అని వల్లించుకుంటూ వెళ్ళాను. ఆ పిల్ల అడిగేసరికి నాకు నా మీదే రోత పుట్టింది. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను, అదీ పిరికితనమే.

ఇవాళ పొద్దున్నే వెళ్ళి విచారణాధికారికి అన్నీ ఇచ్చేశాను. ఫిబ్రవరిదీ, ఏప్రిల్ ఎనిమిదిదీ, నువ్వు మొన్న పంపినదీ, కవర్లతో సహా. ఎనిమిదో తారీకుదాని కవరు మీద మా పోస్టాఫీసు ముద్ర ఉంది, పన్నెండు అని. ఆయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇది ఇస్తే మీకేమవుతుందో తెలుసా అమ్మా?" అన్నాడు. తెలుసు అన్నాను. ఉద్యోగం ఇవాళే పోయింది, మిగతాది వాళ్ళిష్టం.

పదో తారీకు పదకొండింటికి నిన్నూ నన్నూ రమ్మన్నారు. నీకు నోటీసు ఈలోపు వస్తుంది. అది వచ్చేలోగా పిన్నికి నువ్వే చెప్పు. నా నోటితో చెప్పించకు, ఆవిడ ముందు నేను నిలబడలేను.

నీమీద ప్రేమ పోలేదు. పోతే బాగుండేది, సులువుగా ఉండేది. కలిసే వెళ్దాం, బస్టాండుకి వస్తాను. చనిపోయినవాళ్ళ తాలూకు వాళ్ళందర్నీ పిలిచారట, ఆ పిల్ల కూడా వస్తుంది. ఎన్నాళ్ళనుంచి తెలుసని అక్కడ ముందు నన్నే అడుగుతారు. నేను నాలుగు రోజులు అని చెప్తాను. నువ్వు పంతొమ్మిదేళ్ళు అని చెప్పు.